మొదటి గుక్క

ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమంటే వీధిలో అందరికీ లోకువే. పక్కింటివాళ్ళకి గ్యాసు బండ వస్తే లూసిమారా దింపించుకోవాలి. ఎదురింటి కుక్క గొలుసు తెంపుకుంటే లూసిమారా పట్టుకోవాలి. చివరింటామె ఆన్‌లైన్లో చెప్పులు తెప్పించుకుంటే ఆ డబ్బా లూసిమారా మెట్లమీద పడుండాలి. "ఇంట్లోనే ఉంటావు కదమ్మా" అంటారు. ఉంటుంది, నిజమే. కుర్చీలోంచి లేవడానికి వీల్లేదన్న సంగతి ఎవరిక్కావాలి?

కొంతాజెం ఊళ్ళో ఫౌండ్రీ గోడకి ఆనుకున్న పేటలో, మేడమీద, బట్టలుతికే మెషీనుకీ సిమెంటు తొట్టికీ మధ్యనున్న సందే ఆమె ఆఫీసు. బల్లమీద కంపెనీవాళ్ళు పంపిన లాప్‌టాప్, చెవులు మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు, కుడిచేతి పక్కన కిటికీ. కిటికీ తెరిస్తే ఫౌండ్రీ నుంచి నల్లటి పొడి వచ్చి మీటలమీద పడుతుంది. మూస్తే ఉక్క. లూసిమారా తెరుస్తుంది, మూస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. ఒకచోట కుదురుగా ఉండలేని మనిషికి దేవుడు సరిగ్గా కుదురుగా కూర్చోవలసిన పనే ఇచ్చాడని వాళ్ళమ్మ జుల్మీరా నవ్వుతుంది.

పని అంటే చూడటమే. ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల్లోనో పైకప్పుకి బిగించిన కెమెరాలు తీసిన చిన్న చిన్న వీడియోలు ఒకదాని వెనక ఒకటి తెరమీదికి వస్తుంటాయి. వాటిలో శబ్దం ఉండదు. మనుషుల ముఖాల మీద బూడిదరంగు మచ్చ కప్పి ఉంటుంది. గోడలమీది పేర్లు చెరిపేసి ఉంటాయి. కంప్యూటరుకి అనుమానం వచ్చిన చోట మనిషి కన్ను కావాలి కనక లూసిమారా చూసి ఒక మీట నొక్కాలి: హెల్మెట్ లేదు, ఫోను చూస్తున్నాడు, కునుకు తీస్తున్నాడు, పసుపు గీత దాటాడు, నేలమీద ఏదో ఒలికింది, తప్పేమీ లేదు. ఏదీ నొక్కకుండా ఊరుకుంటే తెర మధ్యలో "ఉన్నారా?" అని ఒక గడి లేస్తుంది. దాని కింద "ఉన్నాను" అని ఒకటే మీట. బాత్‌రూముకి వెళ్ళొచ్చే లోపల అది లేచిందా, ఆ రోజుకి మార్కులు కోసేస్తారు.

ఆ ఫ్యాక్టరీలు ఏ దేశానివో చెప్పరు. చేరినప్పుడు అడిగితే, ఎక్కడో దూరాన కూరితీబాలో కూర్చుని అందరినీ నడిపించే ప్రిసీలా, "అది మనకి అనవసరం లూసీ" అంది. ఎవరికీ చెప్పకూడదనే కాగితంమీద సంతకం కూడా పెట్టించుకుంది. లూసిమారా మాత్రం తన మనసులో ఒక్కో షెడ్డుకి ఒక్కో దేశం పెట్టుకుంది. మందపాటి కోట్లు వేసుకునేవాళ్ళది పోలండు. మీసాలవాళ్ళది మెక్సికో అందామంటే ముఖాలే కనపడవాయె.

ఆ శుక్రవారం పొద్దున ప్రిసీలా అందరినీ కలిపి మాట్లాడింది. "క్లయింటు చాలా సంతోషంగా ఉన్నాడు. కాఫీ వీడియోల సంగతి మీకందరికీ తెలుసుగా. మీరంతా తప్పేమీ లేదని వదిలేశారు. చెయ్యి వణికిందనుకున్నారు. ఒక్క లూసీ పట్టింది, వాడు కావాలనే పోస్తున్నాడని. మాకు కొత్త మీట పెట్టాల్సొచ్చింది, 'కావాలని పోయడం' అని. అది కన్ను కాదమ్మా, డేగకన్ను. సోమవారం నిన్ను పర్మినెంటు చేయిస్తున్నా."

లూసిమారాకి ఒళ్ళు పొంగింది. పొంగదూ మరి! డేగకన్ను అని ఇన్నాళ్ళలో ఆమెనెవరన్నారు?

నిజానికి అందులో డేగకన్ను గొప్పేమీ లేదు. ఇనుము పోత పోసే ఏదో షెడ్డులో, విరామం వేళ ఒకడు కప్పు ఎత్తుతాడు. తాగబోయే ముందు బొటనవేలితో హెల్మెట్ అంచు తాకి, కప్పు కొంచెం వంచి ఒక గుక్క నేలకి వదిలి, అప్పుడు తాగుతాడు. మొదటిసారి చూసినప్పుడే ఆమె ఫక్కున నవ్వింది. 'వీళ్ళ దేశంలో కూడా పునీతుడికి మొదటి గుక్క ఇస్తారన్నమాట!' అనుకుంది. కింద వంటింట్లో వాళ్ళమ్మ పొద్దున దింపిన కాఫీలో మొదటి గుక్క అలమరలో ఉన్న పునీత బెనెదీతు బొమ్మ ముందు చిన్న గిన్నెలో పోశాకే ఎవరికైనా ఇస్తుంది. ఇంట్లో అయితే గిన్నె, పనిచోట అయితే నేల. అంతే తేడా. ఎక్కడివాడో ఎవడో అనుకుని, 'ఒలికింది' అన్న మీట నొక్కింది. ప్రిసీలా అడిగితే, ఒలకలేదు, కావాలనే పోస్తున్నాడని ఒట్టుపెట్టి చెప్పింది. తర్వాత వచ్చిన ప్రతిసారీ నొక్కింది.

ఏ రోజు తీసిన వీడియోనో గానీ, ఇవాళ కూడా ఆ మనిషే వచ్చాడు తెరమీదికి. ఎడమచేత్తో కప్పు. చిటికెన వేలు వంగకుండా పక్కకి నిలబడి ఉంది. లూసిమారా వీడియో ఆపింది.

"ఏమే, దిర్సేవు బావగారు ఇవాళ పనిలోకి పోలేదే!" కింద నుంచి వాళ్ళమ్మ అరిచింది. "పెరట్లో కూర్చున్నారు. ఒంట్లో బాగోలేదేమో కనుక్కో."

కిటికీలోంచి తొంగి చూస్తే సరిగ్గా కిందే దిర్సేవు పెరడు. దిర్సేవు అంటే పక్కింటాయన, వాళ్ళ నాన్న స్నేహితుడు, బాప్తిస్మం రోజున నీళ్ళ తొట్టిమీద ఆమె తల పట్టుకున్న జ్ఞానతండ్రి. లూసిమారాకి పెదనాన్న. ఫౌండ్రీలో కరిగిన ఇనుము పోసే పెద్ద గరిటె ఆయన చేతిలో ఉందంటే అచ్చు పక్కన బొట్టు పడదని పేరు. ఆయన గుడ్డ టోపీ పెట్టుకుని జామచెట్టు కింద పీటమీద కూర్చున్నాడు. పెద్దమ్మ నయీర్ గాజుగ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన ఎడమచేత్తో అందుకున్నాడు. ఎప్పుడో నిప్పురవ్వ పడి బిగుసుకుపోయిన చిటికెన వేలు పక్కకి నిలబడింది. కుడిచేతి బొటనవేలితో టోపీ అంచు తాకాడు. గ్లాసు వంచాడు. సన్నటి ధార చెట్టు మొదట్లో పడింది.

లూసిమారా తెర చూసింది. కిందకి చూసింది. మళ్ళీ తెర చూసింది.

చిన్నప్పటినుంచీ ఆయన కాఫీ తాగడం చూస్తూనే ఉంది. అయితే ఎదురుగా కూర్చుని చూసింది, పక్కన కూర్చుని చూసింది. నడినెత్తిమీద నుంచి చూడటం ఇదే మొదలు. పోలండూ కాదు, మెక్సికో కాదు. వీధి చివరి ఫౌండ్రీ. హెడ్‌ఫోన్లు తీస్తే చాలు దాని సైరను వినపడేంత దూరం.

తెరమీద గడి లేచింది. "ఉన్నారా?"

వేలు తన అలవాటుకొద్దీ "ఉన్నాను" నొక్కింది.

మధ్యాహ్నం అన్నం వేళకి కిందకి దిగి పక్కింటి పెరట్లోకి వెళ్ళింది.

"రా తల్లీ రా, కంప్యూటరు పిల్లా! నాకూ సెలవిచ్చారు, అడక్కుండానే," అన్నాడు దిర్సేవు.

"సస్పెండు చేశారని చెప్పడానికి నోరు రాదేం?" అంది నయీర్ తలుపు దగ్గర నుంచి.

"చేశారులే. నేలమీద కాఫీ పోశానట, అదీ కావాలని. కావాలని కాక పునీతుడికి పొరపాటున పోస్తారుటే ఎవరైనా?" ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు గడ్డం దాటి కిందకి దిగలేదు. "భద్రత ఆఫీసరు కుర్రాడు నన్ను కూర్చోబెట్టి వీడియో చూపించాడు. పైనుంచి తీశారు. నాకు ఇంత పొట్ట ఉందని ఇవాళే తెలిసింది, ఒట్టు."

"పరాచికాలాడకు," అంది నయీర్.

"కరిగిన ఇనుములో నీటిబొట్టు పడితే తుపాకీ పేలినట్టు పేలుతుంది. ఆ సంగతి నాకు వాళ్ళు చెప్పాలా? నేనే ఎంతమంది కుర్రాళ్ళకి చెప్పానో! నేను పోసేది గోడమూల ఇసుకలోనమ్మా. అక్కడికి ఇనుము రాదు. కెమెరాకి ఆ మూల ఎక్కడ కనపడుతుంది? చెయ్యి కనపడుతుంది, కప్పు కనపడుతుంది, అంతే."

లూసిమారా చేతికి కూడా గ్లాసు వచ్చింది. మొదటి గుక్క చెట్టుకి పోయాలని చెయ్యి కదిలింది. పొయ్యలేకపోయింది. గొంతు కాలుతున్నా గబగబా తాగేసింది.

"అయితే కెమెరా పట్టేసిందా పెదనాన్నా?"

"మిషను పట్టలేదట. మనిషట. ఎక్కడో కూర్చుని చూస్తుంటారట. అదేనమ్మా నాకు బుర్రలో తిరుగుతోంది." దిర్సేవు గ్లాసుని రెండు అరచేతుల మధ్య తిప్పాడు. "పరాయివాడు చూస్తే ఏమనుకుంటాడు? ముసలాడి చెయ్యి వణికింది, ఒలికింది అనుకుంటాడు. పోశాడని ఎలా తెలుస్తుంది? పోసే ఇంట్లో పుట్టినవాడికే తెలుస్తుంది. వాడెవడో మనవాడే. వాళ్ళమ్మ వంటింట్లో కూడా బెనెదీతు ఉండే ఉంటాడు."

"వాడి కళ్ళు కాకులు పొడవ!" అంది నయీర్. "వచ్చే ఏడు పింఛను. మంగళవారం కమిటీ కూర్చుని ఉద్యోగం తీసేసిందంటే అంతా నీళ్ళపాలే. ఇన్నేళ్ళు ఆ పొగ పీల్చి, ఒక్క కాఫీ గుక్కకి!"

"వాణ్ణేమీ అనకే. వాడికీ ఓ పొట్ట ఉంటుంది," అన్నాడు దిర్సేవు.

ఆయన తిట్టినా బాగుండుననిపించింది లూసిమారాకి. గ్లాసు గట్టుమీద పెట్టి, పని వేళయిందని చెప్పి వచ్చేసింది. ఆ మధ్యాహ్నం ఎవడు ఫోను చూస్తున్నా, ఎవడు గీత దాటుతున్నా, అందరికీ తప్పేమీ లేదని నొక్కుతూ పోయింది.

శనివారం, ఆదివారం పని లేదు. పని లేని రోజున మనిషి మరీ పాడైపోతుంది. ఇల్లు తుడిచింది. తుడిచిన ఇల్లు మళ్ళీ తుడిచింది. మేడమీద ఆరేసిన దుప్పట్లమీద నల్లపొడి పడిందని మళ్ళీ ఉతికింది. బజారుకి వెళ్ళి, కొనడానికి వెళ్ళిందేమిటో మర్చిపోయి గుడ్లు తెచ్చింది. అప్పటికే ఇంట్లో గుడ్లున్నాయి.

"కాలుకాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరగడం?" అంది జుల్మీరా బియ్యం ఏరుతూ. "ఎవడైనా ఉన్నాడా ఏమిటి? ఉంటే చెప్పు, సంతోషిస్తాను."

"ఎవడూ లేడమ్మా."

"లేకపోతే కూర్చో. నువ్వు అటూ ఇటూ తిరుగుతుంటే నాకు రాళ్ళేవో బియ్యమేవో తెలియడంలేదు."

కూర్చుంది. కూర్చుంటే ఎదురుగా అలమర, అందులో నల్లటి బెనెదీతు, చేతుల్లో బాలయేసు, ముందు చిన్న గిన్నెలో కాఫీ. ఆయన ఎవరివంకా చూడడు, చేతిలో బిడ్డ వంకే చూస్తుంటాడు. అయినా లూసిమారా కుర్చీ అటు తిప్పుకుంది.

చెబితే ఏమవుతుంది? చెప్పకూడదని సంతకం పెట్టింది, ఉద్యోగం పోతుంది. ఈ ఊళ్ళో ఆడదానికి మళ్ళీ కుట్టు మిషనో, గిన్నెలు కడగడమో. చెప్పకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. చెప్పినా మాత్రం ఆయనది నిలుస్తుందా? తన బోటి కన్ను ఇంకోటి దొరకదా వాళ్ళకి? ఇలా ముందు నుయ్యి, వెనక గొయ్యి అయి ఆదివారం పూజకి కూడా తలనొప్పి అని ఎగ్గొట్టింది. గుడినుంచి వచ్చిన నయీర్ గోడమీంచి జున్ను కలిపి కాల్చిన వేడి వేడి రొట్టె ఉండలు పళ్ళెంలో అందించింది. "తిను తల్లీ, ఆ కంప్యూటరు నీ రక్తం తాగేస్తోంది," అంది. ఆ ముద్ద ఎలా దిగుతుంది?

సోమవారం పొద్దున తెర తెరిచేసరికి ప్రిసీలా ఎదురు చూస్తూ ఉంది.

"లూసీ, ఆ కాఫీవాడి కేసు తిరిగి చూడాలట. వాళ్ళ కమిటీ రేపు పొద్దున కూర్చుంటుంది. కావాలని పోశాడా, పొరపాటున ఒలికిందా, ఒక్క మాట తేల్చి రాయమంటున్నారు. నువ్వే పట్టావు కనక నువ్వే తేల్చు. ఇది అయిపోతే నీ కాగితాలు పంపిస్తా."

దేవుడు తలుపు తెరిచాడనుకుంది లూసిమారా. ఎంత తేలిక! తను వేసిన ముడి తనే విప్పొచ్చు.

వీడియో పెట్టింది. ఇదివరకెప్పుడూ తప్పు కోసమే చూసింది. ఇవాళ మనిషిని చూసింది. షెడ్డులో విరామం. దిర్సేవు తోలు చేతితొడుగులు తీసి, ఒకదానిమీద ఒకటి సమంగా పెట్టి, నడుముకున్న తోలుగుడ్డ కిందకి లాక్కుని సర్దుకుంటాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళకి ముందు కప్పులు అందిస్తాడు. ఆఖర్న తన కప్పు. ధార సన్నగా, దారంలా దిగుతుంది. ఎక్కడా తెగదు, పక్కకి చిందదు. మళ్ళీ చూసింది. మళ్ళీ చూసింది. ఎన్నిసార్లు చూసినా ఆ చెయ్యి రాతిలో చెక్కినట్టే ఉంది.

"పొరపాటు" నొక్కింది. కింద కారణం రాయమని అడిగింది. ఒక్క క్షణం ఆలోచించి రాసింది: 'వయసువల్ల చెయ్యి వణికి ఒలికింది. ఉద్దేశం లేదు.'

వెంటనే ప్రిసీలా గొంతు వచ్చింది. "అదేమిటి? కావాలని పోస్తున్నాడని నువ్వేగా ఒట్టుపెట్టి చెప్పావు?"

"బాగా పరీక్షగా చూస్తే వణుకు కనిపించింది."

"డేగకన్నుకి కూడా పొరలొస్తాయన్నమాట." అవతల ప్రిసీలా మీటలు టకటకలాడాయి. "క్లయింటు దగ్గర నా తల కొట్టేసినట్టయింది లూసీ. పర్మినెంటు సంగతి వచ్చే నెల చూద్దాం. రేపు సాయంత్రం దాకా కేసు తెరిచే ఉంటుంది, మళ్ళీ మనసు మారితే మార్చుకో."

పర్మినెంటు పోయినందుకు బాధ వేయలేదంటే నమ్మండి. గుండెమీద బండ దిగినట్టయింది. సాయంత్రం తనే కాఫీ పెట్టి, మొదటి గుక్క బెనెదీతు గిన్నెలో పోసి, ఆయన ముఖంలోకి చూసింది. రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

మంగళవారం మధ్యాహ్నం పక్కింటి పెరట్లోంచి నయీర్ గొంతు పండగలా వినిపించింది. "జుల్మీరా! ఓ లూసీ! దిగిరండి! తీసెయ్యలేదు! తీసెయ్యలేదు!"

లూసిమారా హెడ్‌ఫోన్లు బల్లమీద పడేసి, మెట్లు రెండేసి దూకుతూ దిగింది. నయీర్ మొక్కజొన్నపిండి రొట్టె ముక్కలు కోస్తోంది. జుల్మీరా అప్పటికే వచ్చి గట్టుమీద కూర్చుంది.

దిర్సేవు జామచెట్టు కింద పీటమీద ఉన్నాడు. టోపీ లేదు. ఎడమచెయ్యి ముందుకి చాచి, వేళ్ళు విప్పి, దాన్నే చూసుకుంటున్నాడు.

"శుభం పెదనాన్నా," అంది లూసిమారా.

"రా తల్లీ. నీవి కుర్రకళ్ళు, బాగా కనపడతాయి. ఇటు చూడు. వణుకుతోందా?"

"ఏమిటి?"

"చెయ్యి."

"ఆ గొడవ వదలవయ్యా!" అంది నయీర్. "ఉద్యోగం ఉంది, జీతం ఉంది, వచ్చే ఏడు పింఛను ఉంది. గేటు దగ్గర కుర్చీ కూడా వేశారట. బళ్ళు వచ్చినప్పుడు అడ్డకర్ర ఎత్తడం, దించడం. ఆ నిప్పుల దగ్గర మాడే పని తప్పింది. నేను మొక్కుకున్నది అదే."

"గరిటె తీసేసుకున్నారు," అన్నాడు దిర్సేవు. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. "వణికే చేతికి గరిటె ఇవ్వరు. అది సబబే. నేనైనా ఇవ్వను. ఆ చేతికింద నలుగురు కుర్రాళ్ళు నిలబడతారు. ఇవాళ పొద్దున నా తొడుగులు ఇచ్చేయమన్నారు. తీసుకున్నవాడు నా ముఖం చూడలేదు."

లూసిమారా వచ్చి పీట పక్కన కూర్చుంది.

"కమిటీలో చదివి వినిపించారు. వయసువల్ల చెయ్యి వణికింది అని. ముందు కావాలని పోశాడన్న మనిషే, పరీక్షగా చూసి రాశాడట. నేను కాదన్నాను. నా చెయ్యి నాకు తెలీదా అన్నాను. అయితే కావాలనే పోశావా అన్నారు. అవునంటే ఉద్యోగం పోతుంది. ఇదిగో, ఇది నా డొక్కలో పొడిచింది," నయీర్ వంక చూశాడు. "తోడు తీసుకెళ్ళాను, బుద్ధిలేక. నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చే దారిలో అనుకున్నా, ఏమో, నిజమేనేమో. అంత పరీక్షగా చూసినవాడు ఎందుకబద్ధం రాస్తాడు? మనిషికి తన వణుకు తనకి తెలియదేమో. మా నాన్నకి తెలిసేది కాదు."

చాచిన చెయ్యి ఇప్పుడు నిజంగానే కొంచెం కదులుతోంది. అంతసేపు చాస్తే ఎవరి చెయ్యయినా కదులుతుంది.

నయీర్ కాఫీ గ్లాసు అందించింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు, చంటిపిల్లలు పాలగ్లాసు పట్టుకున్నట్టు. పెదాల దాకా తీసుకెళ్ళి తాగేశాడు.

"బెనెదీతుకి పొయ్యలేదేం బావగారూ?" అంది జుల్మీరా.

"పోస్తే పోశానో, ఒలికిందో నాకే తెలియదమ్మా ఇహ," అన్నాడు దిర్సేవు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, లూసిమారా పట్టుకున్న ఆకులు కూడా నిప్పే అయ్యాయి. పైన తెరమీద గడి ఎన్నోసారి లేస్తోందో. లేవనీ.

"వణకలేదు పెదనాన్నా."

"నువ్వు మంచిపిల్లవు. అలాగే అంటావు."

"మంచిపిల్లనేం కాదు. వణకలేదు. నేను చూశాను."

"ఎక్కడ్నించి చూశావే?"

ఆమె నోటితో చెప్పలేక తలెత్తి తన కిటికీ వంక చూసింది. దిర్సేవు కూడా తలెత్తి చూశాడు. కిటికీ వెనక తెర వెలుగు కనిపిస్తోంది.

"ముందు పట్టిందీ నేనే," అంది లూసిమారా. "ఎవరో, ఏ దేశమో అనుకున్నాను. శుక్రవారం కిటికీలోంచి చూస్తే నువ్వే. నిన్న తిరిగి చూడమన్నారు. నిన్ను కాపాడదామని వణికిందని రాశాను. నా చేతులు విరగ, ఇలా అవుతుందని అనుకోలేదు పెదనాన్నా."

నయీర్ చేతిలో కత్తి ఆగిపోయింది. "నీ కళ్ళు..." అని మొదలుపెట్టి, శుక్రవారం తిట్టిన తిట్టు గుర్తొచ్చి కాబోలు, నోటికి కొంగడ్డం పెట్టుకున్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. జుల్మీరా కూతురి వంక నోరు తెరుచుకుని చూస్తోంది.

దిర్సేవు కోప్పడలేదు. పీటమీద ముందుకి జరిగాడు. ఆయన అడిగింది లూసిమారా ఎదురు చూసిన ప్రశ్న కాదు.

"పోసినప్పుడు ఎలా పడింది?"

"దారంలా పడింది. ఎక్కడా తెగలేదు."

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ. నువ్వు మర్చిపోయి ఒక్కసారైనా వణుకుతావేమోనని చూశాను. వణకలేదు."

ఆయన ఊపిరి వదిలాడు. ముఖంలోకి రక్తం వచ్చింది. కోపం కూడా అప్పుడే వచ్చింది.

"మరి అదే రాయాల్సింది కదే, పిచ్చిమొహమా! కుదురుగా పోశాడు అని రాయాల్సింది!"

"రాస్తే తీసేసేవాళ్ళు కదయ్యా!" అంది నయీర్.

"తీసేస్తే పునీతుడికి పోసినందుకు తీసేసేవాళ్ళు. ఊళ్ళో ఎవరడిగినా తలెత్తి చెప్పేవాణ్ణి. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుంటే నా కుర్రాళ్ళు నా చేతి వంక చూసి జాలిపడి లోపలికి పోతారు." లూసిమారా వైపు తిరిగాడు. "ఇప్పుడు మార్చడానికి వీలుందా?"

"ఇవాళ సాయంత్రం దాకా ఉంది."

"వద్దే! నీకు దండం పెడతాను, వద్దే!" నయీర్ లేచి వచ్చి లూసిమారా మోచెయ్యి పట్టుకుంది. "ఒక్క ఏడాది. కర్ర ఎత్తడం, దించడం. ఒక్క ఏడాది కళ్ళు మూసుకుంటే అయిపోతుంది."

"నయీర్," అన్నాడు దిర్సేవు. గొంతు పెంచలేదు. "ఆ చేత్తోనే కదే నీకు ఇన్నేళ్ళు అన్నం పెట్టాను. అది వణుకుతుందని రాసి ఉంటే నేను రాత్రిళ్ళు పడుకోను. దాన్నే చూసుకుంటూ కూర్చుంటాను. నిన్నూ పడుకోనివ్వను."

నయీర్ ఆయన వంక చూసింది. మోచెయ్యి వదల్లేదు, వదల్లేదు, తర్వాత వదిలేసింది. వెళ్ళి రొట్టె ముందు కూర్చుని, "నీ ఇష్టం. ఎప్పుడు నా మాట విన్నావు గనక," అంటూ కోసిన ముక్కలే మళ్ళీ కోయడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకోలేదు.

"నీ ఉద్యోగమో?" అంది జుల్మీరా మెల్లగా, కూతురితో.

లూసిమారా మెట్లెక్కింది.

కేసు తెరిచింది. నిన్న రాసింది చెరిపేసింది. అక్షరాలు తిన్నగా పడటంలేదు. ఆమె చేతులే వణుకుతున్నాయి, ఒక మీటకి ఇంకో మీట తగులుతోంది. చెరిపి మళ్ళీ రాసింది: 'ఇతను కావాలనే పోశాడు. చెయ్యి వణకలేదు. మొదటి గుక్క పునీత బెనెదీతుకి. గోడమూల ఇసుకలో పోస్తాడు, అక్కడికి ఇనుము రాదు, మీ కెమెరాకి ఆ మూల కనపడదు. కావాలంటే మనిషిని పంపి చూసుకోండి. ఈ చెయ్యి నాకు తెలుసు. నా బాప్తిస్మం రోజున నా తల పట్టుకున్నది ఇదే.' కింద ఎప్పుడూ పేరుకి బదులు ఉండే నంబరు పక్కన తన పేరు, ఇంటిపేరుతో సహా రాసి, పంపు అన్న మీట నొక్కింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. ఫౌండ్రీ సైరను మోగింది. కిటికీ తెరిచి చూస్తే దిర్సేవు టోపీ పెట్టుకుని ఉన్నాడు. నయీర్ గ్లాసు నింపి ఇచ్చింది, ముఖం పక్కకి తిప్పుకుని. ఆయన ఎడమచేత్తో, ఒక్క చేత్తో అందుకున్నాడు. పైకి చూడలేదు. బొటనవేలు టోపీ అంచుకి తగిలింది, గ్లాసు వంగింది. ధార తెగకుండా చెట్టు మొదట్లోకి దిగింది.

వెనక తెరమీద గడి లేచింది. "ఉన్నారా?"

ప్రిసీలా ఫోను కూడా అప్పుడే మోగడం మొదలుపెట్టింది.

లూసిమారా కిటికీ మూయకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఉన్నాను" అని నొక్కి, ఫోను ఎత్తింది.